డోలరెస్ మైదానంలోకి దిగిన రోజు

బాల్టిమోర్ ఊరి చివర వెర్నా స్నోబాల్ కొట్టు తలుపులు తెరిచిందంటే చలి పోయినట్టే. తురిమిన ఐసు మీద ఎగ్ కస్టర్డ్ పానకం పోసి, పైన మార్ష్‌మెలో నురగ దట్టంగా వేసి ఇస్తుంది వెర్నా. కొట్టు ముందు రెండు బల్లలున్నాయి. నీడపట్టునున్న బల్ల డోలరెస్‌ది. ఆవిడ కొనుక్కున్నదేం కాదు, ఆవిడ వస్తుంటే కూర్చున్నవాళ్లే లేచి జాగా ఇస్తారు. డోలరెస్ నోరు విప్పితే గాలి కూడా ఆగి వింటుందని ఆ వీధిలో ఒక మాట. ఆగకపోతే ఆవిడ ఊరుకోదని ఇంకో మాట.

ఆ శనివారం మధ్యాహ్నం ఆవిడ పక్కన మనవరాలు కొరిన్ కూర్చుంది. పదో తరగతి పిల్ల. చేతిలో స్నోబాల్ కరిగి మోచేతిదాకా కారుతున్నా చూసుకోవడం లేదు.

"ఏమైందే దానికి?" అంది వెర్నా కిటికీలోంచి.

"లాక్రోస్" అంది డోలరెస్. కర్ర చివరనున్న జాలీలో బంతి పట్టుకుని పరిగెత్తే ఆట అది. ఆ వీధిలో ఆ ఒక్కమాట చాలు.

కొరిన్ ఈ ఏడే బడి పెద్ద టీములోకి వచ్చింది. వీపు మీద పేరున్న జాకెట్టు ఇచ్చారు. ఆ జాకెట్టు వేసుకుని ఆట ఆటకీ వెళ్లడం, బెంచీ మీద కూర్చోవడం, తిరిగి రావడం. కోచ్ హాడ్లీ మంచిదే, దాపరికం లేని మనిషి. నిన్న పక్కకి పిలిచి చెప్పింది: "రెండో టీముకి వెళ్తే మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా ఆడతావు. ఇక్కడుంటే ప్రాక్టీసు మాత్రం మాతో చేస్తావు. ఆటలో దింపుతానని నేను మాటివ్వలేను. ఆలోచించుకుని సోమవారం చెప్పు." కొరిన్ చెవికి మాత్రం అందులో ఒక్క ముక్కే వినబడింది, 'కిందికి దిగు' అని.

"రెండో టీముకా? నా మనవరాలా?" డోలరెస్ చెంచాతో బల్ల మీద కొట్టింది. "బెంచీ మీద కూర్చుంటే ఏం పోయింది? నేను కూర్చోలేదా? కూర్చున్నాను కాబట్టే ఆ రోజు అంత జరిగింది."

"ఏ రోజు?" అన్నాడు ఎదురుగా కూర్చున్న లిన్‌వుడ్. ముప్పై ఏళ్లు ఊళ్లో బస్సు నడిపి రిటైరైన మనిషి. అడక్కపోయినా ఆవిడ చెప్తుందని తెలుసు. అడిగితే తొందరగా మొదలెడుతుందని అడిగాడు.

"అయితే విను. మా రోజుల్లో ఆడపిల్లల లాక్రోస్‌కి గీతలు లేవు. ఇప్పుడు చుట్టూ సున్నం గీసి, కాలు దాటితే విజిల్ ఊదుతున్నారు. మాకదేం లేదు. ఎందాకా పరిగెత్తగలిగితే అందాకా మైదానమే."

"అది మాత్రం నిజమే. మా అక్క కూడా చెప్పేది" అన్నాడు లిన్‌వుడ్.

"నేను చెప్పేవన్నీ నిజాలే. ఇంకోటి, మా కాలంలో పన్నెండుమంది దిగారంటే చివరిదాకా ఆ పన్నెండుమందే. ఎవరి కాలైనా విరిగితే తప్ప బెంచీ మీది పిల్లకి పిలుపు రాదు. అయినా నేను కూర్చున్నాను. కర్ర ఒళ్లో పెట్టుకుని, మేకు దిగ్గొట్టినట్టు కూర్చున్నాను. ఆఖరి ఆట. ఒక్క గోలు వెనకబడి ఉన్నాం. కోచమ్మ నా వైపు తిరిగి 'డోలరెస్, దిగు!' అంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్తేగా తెలిసేది" అంది వెర్నా.

"దిగాను. నేల మీద దొర్లుతున్న బంతిని కర్రతో ఒడుపుగా ఎత్తాను. జాలీలో పడింది. అంతే."

"అంతేనా డోలరెసక్కా?" లిన్‌వుడ్ నిరాశపడ్డట్టు మొహం పెట్టాడు.

"అంతేనంటే అక్కడికంతే! తిరిగి చూద్దును గదా, ఎదురుగా నలుగురు పిల్లలు గోడలా నిలబడ్డారు. కుడివైపు ఇద్దరు. ఎడమవైపు ఖాళీ, మేపుల్ చెట్లు, వాటి వెనక రోడ్డు. గీత లేదు కదా! ఎడమకి తిరిగాను. చెట్లు దాటాను. రోడ్డు దాటాను. ఎవరిదో పెరడు, అందులో పెళ్లి. పెళ్లికూతురు కేకు కోస్తోంది. కత్తి కిందనుంచి దూరాను. కర్రని ఉయ్యాలలా ఊపుతూనే ఉన్నాను సుమా, ఊపు ఆగితే బంతి జారిపోతుంది. పెళ్లికూతురి చెల్లెలు ఇదేదో వేడుకలో భాగమనుకుని నా వెనక పరిగెత్తింది. ఆవిడ వెనక ఆ ఆరుగురు. వాళ్ల వెనక రిఫరీ, నోట్లో విజిలు."

"విజిల్ ఊదలేదా?"

"ఎందుకు ఊదుతుంది? గీతేదీ? నేను బస్సెక్కాను."

లిన్‌వుడ్ నిటారుగా కూర్చున్నాడు. "టికెట్టు తీసుకున్నావా?"

"ఒంటిచేత్తో తీసుకున్నాను, రెండోచెయ్యి కర్ర ఊపుతోందిగా. వాళ్లూ ఎక్కి నా వెనక సీట్లలో కూర్చున్నారు. ఎంతైనా మర్యాదస్తుల పిల్లలు, బస్సులో కర్ర మీద కర్ర వెయ్యలేదు. రేవు దగ్గర దిగీ దిగగానే మళ్లీ మొదలు! చేపల బజారు మధ్యనుంచి పరుగు. అమ్మేవాళ్లు చేపలు పక్కకి లాక్కున్నారు. బజారు అయిపోయింది, నేల అయిపోయింది, ఇక నీళ్లు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పీతల పడవ ఒకటి బయల్దేరుతోంది. ఎగిరి అందులో దూకాను."

"ఎవరిదా పడవ?" వెర్నా ఐసు తురమడం మానేసి కిటికీ మీద మోచేతులు ఆనించింది.

"కెప్టెన్ ఆస్మండ్‌ది. ఆయనకో గోధుమరంగు కుక్క. పేరు అడ్మిరల్. ఎడమచెవి కొంచెం తెగి ఉండేది, ఏ పీతో కొరికిందిట. అది నన్ను చూసి ఒక్కసారి మొరిగి, కర్ర చూసి పక్కకి తప్పుకుంది. నడి అఖాతంలోకి వచ్చామా, అల ఎత్తెత్తి కొడుతోంది. వలలోంచి ఒక పీత ఎగిరి వచ్చి నా జాలీలో, సరిగ్గా బంతి పక్కన పడింది! ఇంకొకళ్లయితే బంతీ పీతా రెండూ వదిలేద్దురు. నేను రెంటినీ కలిపి ఊపాను. ఊపగా ఊపగా పీతకి నిద్రపట్టేసింది."

లిన్‌వుడ్ బల్ల మీద వాలిపోయి నవ్వాడు. పక్కబల్ల దగ్గర కూర్చున్నవాళ్లు కూడా కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. డోలరెస్‌కి ఊపొచ్చింది.

"అవతలి ఒడ్డు చేరాం. ఎదురుగా లైట్‌హౌసు. దాని మెట్లెక్కాను. పైకెళ్లి చూస్తే మా బడి మైదానం చీమతల అంత కనిపిస్తోంది, అందులో గోలు నువ్వుగింజంత. మా గోలు కాదు, వాళ్లది. పీతని మెల్లిగా తీసి పక్కన పడుకోబెట్టి, కర్ర వెనక్కి వంచి విసిరాను చూడు! ఆ బంతి అఖాతం దాటింది, రేవు దాటింది, పెళ్లి పెరడు మీదుగా వెళ్లింది. అప్పటికి ఆ పెళ్లికూతురికి ఇద్దరు పిల్లలు. వాళ్ల గోలీ పాపం కదలకుండా అక్కడే కాపలా కాస్తోంది, దానికి పెళ్లీడు దాటిపోయింది. బంతి వస్తున్న చప్పుడు వినబడుతోంది కానీ ఎటునుంచో తెలీలేదు. పడింది గోల్లో! అప్పుడు ఊదింది రిఫరీ విజిలు. ఊదేసరికి ఆవిడ జుట్టంతా ముగ్గుబుట్ట. నేను బెంచీ వదిలి వెళ్లిపోయుంటే ఇదంతా జరిగేదా? చెప్పండి!"

చప్పట్లు కొట్టారు. లిన్‌వుడ్ కళ్లు తుడుచుకుంటున్నాడు. కొరిన్ మాత్రం నవ్వలేదు.

"అమ్మమ్మా, నువ్వు ఎవరి బదులు దిగావు?"

"ఏంటీ?"

"కాలు విరిగితే తప్ప ఎవరూ బయటికి రారన్నావుగా. ఎవరి కాలు విరిగింది?"

"ఎవరో పిల్లది... పొడుగ్గా ఉండేది."

"పేరు?"

"ఎన్నేళ్లయిందే బాబూ! పేర్లు ఎవరికి గుర్తుంటాయి?"

"పడవలో కుక్క పేరు గుర్తుంది. దాని చెవి తెగిందని కూడా గుర్తుంది. నీకోసం మైదానం వదిలిన పిల్ల పేరు గుర్తులేదా?"

ఎగతాళికి అడగలేదా పిల్ల. మొన్న బుధవారం ప్రాక్టీసులో పేటన్ అనే అమ్మాయి చీలమండ మెలికపడి కూలబడింది. కొరిన్ ఆడే చోటులోనే ఆడుతుంది పేటన్. అందరూ పరిగెత్తుకెళ్లారు. కొరిన్ కూడా వెళ్లింది. కానీ కాళ్లు కదిలేలోపే గుండెలో ఏదో ఒక్కసారి ఎగిరింది, అది జాలి కాదు. పేటన్ కాసేపటికి లేచి కుంటుకుంటూ నడిచేసింది. కొరిన్‌కి మాత్రం అప్పట్నుంచీ అన్నం సహించలేదు. ఎవరి బదులు దిగాలో ఆ పేరు తనకి బాగా తెలుసు. అమ్మమ్మకి ఎలా తెలియకుండా ఉంటుంది?

డోలరెస్ నోరు తెరిచింది. లిన్‌వుడ్ ఎప్పుడూ ఇలాంటిచోట ఒక పుల్ల వేస్తాడు. ఇవాళ తన కప్పులో కరిగిన ఐసు చెంచాతో కలుపుతున్నాడు.

"ఎవరి కాలూ విరగలేదే" అంది ఆవిడ.

ఆ మాటతో కథ ఐసులా కరిగిపోయింది. పక్కబల్లవాళ్లు కుర్చీలు అటు తిప్పుకున్నారు. వెర్నా ఐసు మర మళ్లీ తిప్పడం మొదలెట్టింది.

ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. వరస ఇళ్ల ముందు తెల్లరాతి మెట్లు ఎవరో కడుగుతున్నారు. నీళ్లు కాళ్లకిందికి వస్తున్నాయి.

"బడిలో ఉన్నన్నేళ్లూ బెంచీయేనా?" అంది కొరిన్.

"అన్నేళ్లూ. ప్రాక్టీసుకి అందరికంటే ముందొచ్చేదాన్ని. గోడకేసి బంతి కొట్టి పట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు. ఇది కోత కాదు."

"మరి నన్నెందుకు కూర్చోమంటున్నావు?"

డోలరెస్ పారుతున్న నీళ్లని దాటుకుని ఆగింది.

"నేను కూర్చున్నాను కాబట్టి. అది మంచిపని కాదని నువ్వు తేల్చేస్తే నేను కూర్చున్నదంతా ఏమవుతుందే?"

కొరిన్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. పానకం జిడ్డు ఇద్దరి వేళ్లకీ అంటుకుంది.

"ఇందాకటి కథలో నన్నెవరూ పట్టుకోలేదు, చూశావా?" అంది డోలరెస్. "అంతమంది వెంటపడ్డారు, ఒక్కరి కర్రా నా కర్రకి తగల్లేదు. ఎన్నిసార్లు చెప్పినా తగలదు. ఎందుకో తెలుసా? తగిలితే చేతికి ఎలా ఉంటుందో నాకు తెలీదు. బంతి పోయాక ఎటు తిరగాలో తెలీదు. గోడ బంతిని తిరిగిస్తుంది గానీ లాక్కోదు కదా. తెలీనిది ఎలా చెప్పను? అందుకే పరిగెత్తుకుంటూ పోతాను."

"మీకు రెండో టీము ఉండేదా?"

"లేదు. ఉండుంటే..."

ఇంటి గేటు వచ్చింది, గేటు తీశారు, ఆ వాక్యం మాత్రం పూర్తికాలేదు.

సోమవారం కొరిన్ కోచ్ హాడ్లీ గదికి వెళ్లి, జాకెట్టు మడతపెట్టి బల్ల మీద పెట్టింది. కోచ్ దాన్ని తిరిగి ఆమె వైపే తోసింది. "ఇది నీది. ఎక్కడ ఆడినా చలి వేస్తుంది" అంది. పేటన్ బయట వరండాలో ఎదురైంది. "నీ కాలెలా ఉంది?" అని అడిగింది కొరిన్. ఈసారి నిజంగానే అడిగింది.

రెండో టీము ఆట ఆ వారంలోనే పడింది. చూడ్డానికి వచ్చినవాళ్లు తక్కువ. కంచె పక్కన మడతకుర్చీలో డోలరెస్, ఆవిడ పక్కన లిన్‌వుడ్. ఆవిడ నోరు మూసుకుని కూర్చోవడం చూసి, ఒంట్లో బాగుందా అని ఆయన రెండుసార్లు అడిగాడు.

ఆట మొదలైన కాసేపటికే బంతి కొరిన్ జాలీలోకి వచ్చింది. గోడ దగ్గర తనూ వందలసార్లు చేసినట్టే ఊపుతూ నాలుగడుగులు వేసింది. పక్కనుంచి ఎర్రజడ పిల్ల ఒకతె వచ్చి కర్రతో టకీమని తట్టింది. ఆ దెబ్బ మణికట్టు దాటి భుజందాకా పాకింది. బంతి ఎగిరిపోయింది. కొరిన్ తల ఎత్తేలోగా ఆ ఎర్రజడ పిల్ల ముప్పావు మైదానం దాటేసింది. గోలు.

కొరిన్ తల దించుకుంది. పళ్ల కవచం నోట్లోంచి తీసి, ఆటకి పెట్టుకునే కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, అలవాటు కొద్దీ బెంచీ వైపు నడిచింది. పెద్ద టీము ఆటల్లో బెంచీ మీంచి ఆమె చూసింది అదే. తప్పు చేస్తే బదులు దిగే పిల్ల అప్పటికే లేచి నిలబడి ఉంటుంది. ఇక్కడ బెంచీ మీదివాళ్లు నారింజ తొనలు తింటున్నారు. ఎవరూ లేవలేదు.

"ఎక్కడికమ్మా?" అంది రెండో టీము కోచ్. నిండా పాతికేళ్లుండని అమ్మాయి. మొహంలో కోపం లేదు, కాస్త ఆశ్చర్యం తప్ప.

"బంతి పోగొట్టాను కదా..."

"పోగొట్టావు. ఏ వైపునుంచి వచ్చిందా పిల్ల?"

"ఎడమవైపు."

"మళ్లీ అటునుంచే వస్తుంది. ఇంకా బోలెడు ఆట ఉంది, పరిగెత్తు."

కంచె పక్కన డోలరెస్ కుర్చీలోంచి లేచి నిలబడింది. కొరిన్ కళ్లజోడు కిందికి లాక్కుని, పళ్ల కవచం మళ్లీ నోట్లో పెట్టుకుంది. మణికట్టు ఇంకా జివ్వుమంటోంది. దాన్ని ఒకసారి విదిలించి, కర్ర పట్టు కుడికి మార్చుకుని, మైదానం మధ్యకి పరిగెత్తింది.