పెద్దక్కగారు మార్పించిన సగటు నియమం

1989వ సంవత్సరం జూలై మూడవ తేదీన మా కళాశాల ప్రవేశాల విభాగంలో గుమాస్తాగా చేరి, అంచెలంచెలుగా ఎదిగి, విభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మా పెద్దక్కగారిని అభినందించే అవకాశం దక్కడం నా భాగ్యం. ‘పెద్దక్క’ అన్నది అధికారిక హోదా కాకపోయినా, ప్రిన్సిపాల్‌గారు సైతం వారిని ఆ పేరుతోనే పిలుస్తారు.

తొలి సంవత్సరాలలో వారు విచారణ కిటికీ వద్ద పనిచేశారు. సీటు రాలేదని మండిపడుతూ వచ్చిన తల్లిదండ్రులతో, "ముందు కూర్చోండి, తర్వాత కోప్పడుదురుగాని" అనేవారు. కూర్చున్నాక సగం కోపం దానంతటదే దిగిపోయేది.

పర్యవేక్షకురాలిగా పదోన్నతి పొందిన తరువాత ఒక అన్యాయం వారి మనసును కలచివేసింది. ప్రవేశ పరీక్షను విద్యార్థులు ఎన్నిసార్లయినా రాయవచ్చు. కొన్ని కళాశాలలు వాటిలో ఉత్తమ ఫలితాన్ని స్వీకరిస్తే, మరికొన్ని ఒక్కొక్క సబ్జెక్టులో వచ్చిన అత్యధిక మార్కులను ఏరి కలుపుతాయి. మా కళాశాల మాత్రం అన్నింటి సగటునే తీసుకొనేది. మొదటిసారి జ్వరంతో రాసిన విద్యార్థి రెండవసారి ఎంత చక్కగా రాసినా, ఆ జ్వరం మార్కుల్లోంచి దిగేది కాదు.

సబ్జెక్టువారీగా ఉత్తమ మార్కులనే తీసుకోవాలని పెద్దక్కగారు ప్రతిపాదించారు. వారి అమ్మాయి కూడా ఆ పరీక్షను రెండుసార్లు రాసి, ఆ సంవత్సరమే మా కళాశాలకు దరఖాస్తు చేసింది. "కూతురి కోసమే ఈ ఆరాటమంతా" అని గుసగుసలు బయలుదేరాయి. మనసు కష్టపెట్టుకొని, ప్రతిపాదనను విరమించుకోవాలని వారు నిశ్చయించుకున్నారు. ఆ ప్రతిపాదనపై అధ్యాపకుల సమావేశం జరిగే నాటి ఉదయం ఆ అమ్మాయి ఆఫీసుకు వచ్చింది.

"అమ్మా, నా అప్లికేషన్ వెనక్కి తీసుకున్నా."

"అదేంటే! నీకు ఎంతో ఇష్టమైన కాలేజీ కదే ఇది?"

"ఇష్టమే. కానీ నా వల్ల నువ్వు నోరు మూసుకుంటే అది నాకు జన్మంతా గుచ్చుకుంటుంది. లోపలికెళ్లి గట్టిగా మాట్లాడు."

కూతురి తల నిమిరి, కళ్లు తుడుచుకొని అక్క సమావేశ గదిలోకి నడిచారు. ఆనాడు వారి వెంట ఉన్న నేను ఆ చర్చను స్వయంగా విన్నాను.

"డబ్బున్నవాళ్లు పదిసార్లు రాస్తారమ్మా. లేనివాళ్ల సంగతేంటి?" అని గణితాచార్యులు అడిగారు.

"నిజమేనండీ. అందుకే మొదటి రెండుసార్లే లెక్కలోకి తీసుకుందాం. అంతేగానీ, నిన్న కూర మాడిందని, ఇవాళ చక్కగా కుదిరిన కూరలో ఆ మాడు కలిపి ఎవరైనా వడ్డిస్తారా?"

గణితాచార్యులే ముందుగా నవ్వి, చెయ్యెత్తారు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

ఆ అమ్మాయి మరొక కళాశాలలో చదివి, నేడు వంతెనలు నిర్మించే ఇంజినీరుగా పేరు తెచ్చుకున్నది. ఆ నియమం వల్ల ఇక్కడ చేరగలిగిన విద్యార్థులలో ఇద్దరు నేడు మా అధ్యాపకులు. ఇదంతా తన ఘనత అని పెద్దక్కగారు ఏనాడూ చెప్పుకోలేదు. "మా అమ్మాయి ధైర్యం చెప్పింది, నేను మాట్లాడాను, అంతే" అంటారు.

ప్రవేశాల వేళ స్థిమితంగా భోజనం చేసే తీరికైనా ఎరుగని మా పెద్దక్కగారు, ఇకపై బావగారితో కబుర్లు చెప్పుకుంటూ సాయంత్రాలు నడవాలనీ, ఎన్నాళ్లుగానో అనుకుంటున్న ఈత నేర్చుకోవాలనీ, ఏ నొప్పీ దరిచేరని దేహంతో, ఏ దిగులూ లేని మనసుతో, మనవల పెళ్లిళ్లలో కూడా అందరికంటే గట్టిగా నవ్వేంత కాలం చల్లగా జీవించాలనీ మా విభాగమంతా మనసారా కోరుకుంటున్నది.