ఏడు అంటే లేసిన చిలకపిల్ల

"అవ్వా, మా ఇస్కూల్లో యానివర్సరీకి ఒకటో క్లాసు పిల్లోళ్ళ చేత డ్రామా ఆడించమన్నారు. నువ్వు యెట్లా ఆడిస్తా ఉంటివి?"

మనం ఆడించేదేముందిమే, వాళ్ళే మనల్ని ఆడిస్తారు. కూచో, కాఫీ తాగు. నేను ఆ కేజీఎఫ్ బంగారు గని కూలోళ్ళ లైన్ల ఇస్కూల్లో టీచరుగా ఉన్నిన్ని దినాలూ యేటా ఒక డ్రామా. ఒకడు రాజు వేషంలో ఉచ్చ పోసుకుంటాడు, ఒకతి స్టేజి మీద నుంచే వాళ్ళమ్మను పిలిచి మురుకు అడుగుతాది. అయితే ఇప్పటికీ తలుచుకుంటే నాకు వొళ్ళు జల్లుమనేది ఒకటుండాది, చిలకల డ్రామా.

రవణమ్మని ఒక పిల్ల. ఆరేండ్లో యేడేండ్లో. వాళ్ళ నాయిన గనిలో పోయినాడు, ఏర్ బ్లాస్టులో. నీకేం తెలుసు పాపం, లోపల బండ పగిలితే పైన మా ఇండ్లల్లో గిన్నెలు దొర్లుతా ఉండె. గిన్నెలు కదిలితే చాలు, ఆడోళ్ళంతా గనిలోకి దిగే షాఫ్టు కాడికి పరిగెత్తేది. ఆ పొద్దు మీ తాత కూడా లోపలే, వేరే షాఫ్టులో... సరే, ఆయన వచ్చినాడు, రవణ వాళ్ళ నాయిన రాలేదు. అప్పట్నుంచి ఆ పిల్లకి మాట లేదు, ఏడుపూ లేదు. శవాన్ని తెస్తే కూడా నిలబడి చూసిందంట. వాళ్ళమ్మ నా కాడికొచ్చి, "టీచరమ్మా, అది ఏడిస్తే చాలు, యేదన్నా చెయ్యి" అనింది. నేనేం చేసేది? నాకు తెలిసిందల్లా డ్రామానే కదా.

కథ నేనే అల్లినాను. వేటగాడు రాయి విసిరితే చిలకపిల్ల చచ్చిపోతాది, తల్లి చిలక ఏడుస్తాది, ఆ ఏడుపు విని దేవుడొచ్చి చెంబులో నీళ్ళు చల్లితే పిల్ల లేస్తాది. తల్లి చిలకకి మాటల్లేవు, ఏడిస్తే చాలు. ఆ వేషం రవణకిచ్చినాను. లైన్లలో ఆడోళ్ళు ఊరుకుంటారా? తండ్రి పోయిన బిడ్డకి శవం ముందర ఏడ్చే వేషమా, నీకు బుద్ధుండాదా అని నన్ను బాగా తిట్టినారు. వాళ్ళమ్మ మాత్రం కానీమ్మా అనింది.

ఇంగ చిలకపిల్ల వేషం మంజుగానికి. వాళ్ళు వేమగల్ తట్టునుంచి కొత్తగా వచ్చినోళ్ళు, ఇంట్లో అంతా కన్నడమే. తెలుగు రాదు కదా, చచ్చి పడుండే వేషమైతే చిక్కు లేదనుకుంటిని. మీ తాత పచ్చ రంగుకాయితాలతో రెక్కలు కట్టిచ్చినాడు. గనిలో బండ కూలకుండా కొయ్యలు నిలబెట్టే టింబరు పని చేసే చెయ్యి, ఒక్క రెక్కా ఊడలేదు.

ప్రాక్టీసులో రవణ ఒక్కనాడూ ఏడవలేదు. మంజుగాడి పక్కన గమ్మున కూచుంటాది, చూస్తాది, లేసి పోతాది.

డ్రామా నాడు లైన్లంతా వచ్చినారు. రాయి తగిలె, మంజుగాడు పడె, బాగానే పడినాడు. రవణ కూచునింది. జనం కాచుకోనుండారు. నేను పరదా యెనకనుంచి మెల్లిగా, "ఏడు రవణా, ఏడు" అంటా ఉండాను. వినలేదేమోనని కొంచెం గట్టిగా అన్నాను, "ఏడు!"

మంజుగాడు టక్కని లేసి నిలబడినాడు.

కన్నడంలో 'ఏళు' అంటే లెయ్యమని కదమ్మా. వాడికి నా మాట అట్లా వినబడింది. నా తట్టు తిరిగి, "ఎద్దె, టీచర్" అన్నాడు, లేసినాను అని. జనం ఒకటే నవ్వు. నాకు తల తీసేసినట్టయింది. పండుకోరా అని సైగ చేస్తా ఉంటే, రవణ పోయి వాడి రెక్కలు రెండూ పట్టుకునింది.

"నువ్వు లేసినావు. మా నాయిన యేల లెయ్యలే?"

అప్పుడు ఏడ్చిందమ్మా. అబ్బా, ఆ ఏడుపు... వాళ్ళమ్మ స్టేజి మీదికి పరిగెత్తి కరుచుకునింది, ఇద్దరూ ఏడుస్తా ఉండారు. ఏడుపు వినబడితే రావాలని దేవుడి వేషం పిల్లోడికి నేనే చెప్పింటి కదా, చెంబు తీసుకోని వాడు వచ్చేసినాడు. చూస్తే చచ్చినోడు నిలబడుండాడు. ఇంగ యెవరి మీద చల్లాల? కొంచెంసేపు చూసి, తల్లీబిడ్డల మీద చల్లేసి పోయినాడు.

మర్నాడు క్లాసులో రవణ నా మేజా కాడికొచ్చి నిలబడింది. "టీచర్, మంజుగానికి తెలుగు రాదు. నేను నేర్పియ్యనా?" అనింది. నేర్పియ్యి తల్లీ అన్నాను. బోర్డు తట్టు తిరిగి, చేతిలో సుద్దముక్క పెట్టుకోనే సుద్దముక్క వెతుక్కున్నాను.

నీ పిల్లోళ్ళూ నువ్వు చెప్పింది మరిచిపోయి యేదో ఒకటి చేస్తారులే. కోప్పడబాకు, రవ్వంతసేపు చూడు. నీకూ అట్లాంటి పొద్దు ఒకటి రావాల, నా బంగారు. తాగమ్మా, కాఫీ ఆరిపోతా ఉండాది...