ఎనిమిది నిమిషాలకు ఒక మనిషి

2009 జూన్ మూడవ తేదీ, బుధవారం ఉదయం, గోడలకు ఇంకా రంగు వాసన పోని మా బాస్కెట్‌బాల్ జట్టు కార్యాలయంలో, గణాంకాల విభాగానికి ఏకైక ఉద్యోగినిగా, నేడు మేం వీడ్కోలు పలుకుతున్న మేడమ్‌గారు సంతకం చేసి చేరారు. అంతకుముందు ఇరవై ఏళ్లు పాఠశాలలో వ్యాయామోపాధ్యాయినిగా పనిచేసిన వారు, చేరిన రోజే తమ కుర్చీని కిటికీ దగ్గరకు జరుపుకున్నారు. అక్కడినుంచి ప్రాక్టీసు కోర్టు కనిపిస్తుంది. నేను నమోదు విభాగంలో ఉన్నాను. మా ఇద్దరి బల్లల మధ్య ఒక ఇనుప బీరువా మాత్రమే ఉండేది. నాటినుంచి వారు నాకు అక్క, ఆటగాళ్లకు మేడమ్, యాజమాన్యానికి అప్పుడప్పుడూ తలనొప్పి.

మొదటి మూడేళ్లూ వారు ప్రతి మ్యాచ్‌నూ పొడుగాటి రూళ్ల పుస్తకాల్లో రాశారు. పాయింట్లు ఎవరైనా రాస్తారు. ఎవరు ఏ నిమిషంలో కోర్టులోకి దిగారు, ఏ నిమిషంలో బయటికి వచ్చారు, ఆ వ్యవధిలో జట్టుకు ఏం దక్కింది, ఏం పోయింది అన్నది వారు రాశారు. 2012లో ఆటగాళ్ల ఎంపిక బాధ్యతను కూడా వారికే అప్పగించినప్పుడు, తొలి సమావేశంలోనే ఒక నియమం పెట్టుకున్నారు: మన జట్టులోకి రమ్మని ఎవరిని అడిగినా, మ్యాచ్‌కు ఎన్ని నిమిషాలు ఆడనిస్తామో వాళ్ల ఇంటికి వెళ్లి, ఇంట్లోవాళ్లు వింటుండగా చెప్పాలి. అందుకే ఆటగాళ్లు వారికి ‘నిమిషాల మేడమ్’ అని పేరు పెట్టారు.

ఆ నియమానికి అదే ఏడాది అసలైన పరీక్ష ఎదురైంది. మా జట్టు సగటు వయసు ఇరవై రెండు. బుట్ట కింద భుజం ఆనించి నిలబడి, తిరిగొచ్చే బంతిని అందుకోవలసిన పవర్ ఫార్వర్డ్ మాకు ఒక్కడే ఉండేవాడు. ఉత్సాహం ఎక్కువ, ఫౌళ్లు అంతకన్నా ఎక్కువ. అతను కూర్చుంటే దిగడానికి మనిషి లేడు. ముందటేడు ఇద్దరిని తెచ్చారు, ‘నువ్వే ప్రధాన ఆటగాడివి’ అని చెప్పి తెచ్చారు. నిజం తెలిశాక ఇద్దరూ నడిమధ్యలో వెళ్లిపోయారు. ఈసారి కింది శ్రేణికి పడిపోతే జట్టును మూసేస్తామని యాజమాన్యం స్పష్టంగా తెలియజేసింది. ఆటగాళ్ల జాబితా శనివారం సాయంత్రం ఐదింటికి మూతపడుతుంది. సోమవారం నుంచి బుధవారం దాకా వారు ముగ్గురిని కలిశారు. మ్యాచ్‌కు ఎనిమిది నిమిషాలే అని వినగానే ముగ్గురూ తలుపు దాకా సాగనంపారు.

కోచ్‌గారు తల పట్టుకున్నారు. “మేడమ్, ఒక్క అబద్ధం ఆడితే మీ నోరేం పోతుంది?”

“నోరు పోదండీ. రెండో నెలలో మనిషి పోతాడు.”

గురువారం మధ్యాహ్నం నాలుగో ఇంటికి నన్ను కూడా తీసుకెళ్లారు. ఒక కర్మాగారం జట్టుకు ఆడే మనిషి, వీధిలో అందరూ ‘నిచ్చెన’ అని పిలుస్తారట. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందుగదిలో అతని భార్య కుట్టుమిషను, పక్కన బట్టలు కత్తిరించే పెద్ద బల్ల. మేం కూర్చోవడానికి ఆవిడ గుడ్డముక్కలు పక్కకు జరిపింది. అతను గుమ్మం కింద తల వంచుకుని లోపలినుంచి వచ్చాడు.

అక్క మంచినీళ్లైనా తాగకముందే చెప్పేశారు. “మ్యాచ్‌కి ఎనిమిది నిమిషాలు బాబూ. కొన్నిరోజులు అవీ ఉండవు.”

భార్య పకపకా నవ్వింది. “ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా కుదురుగా కూర్చోడండీ ఈయన. అక్కడెలా కూర్చోబెడతారో ఆ కిటుకేదో నాకూ చెప్పండి.”

అతనికి నవ్వు రాలేదు. “ముప్పయ్యొకటి నిండాయి మేడమ్ నాకు. ఇక్కడ మ్యాచ్ మొత్తం నలభై నిమిషాలూ నేనే ఆడతాను. నన్ను బెంచీ ఎక్కించడానికా ఇంత దూరం వచ్చారు?”

“అవును. అందుకే వచ్చాం.”

నేను లేవబోయాను. అక్క మాత్రం సంచీలోంచి పుస్తకం తీసి బల్లమీద పరిచారు. “నిరుడు మావి ఇరవై నాలుగు మ్యాచ్‌లు. పదిహేడు ఓడాం. అందులో పదకొండు, మా పవర్ ఫార్వర్డ్ అబ్బాయి ఫౌళ్లతో బెంచీ మీద కూర్చున్నప్పుడే చేజారాయి. ఎర్రగీత పెట్టినవి చూడు.”

అతను నిలబడే చూశాడు. రెండు పేజీలు తిప్పాడు. “వీడు కూర్చుంటే ఎవర్ని దించారు?”

“గార్డుని.”

“గార్డునా! బుట్ట కింద ఆ పొట్టి గార్డేం చేస్తాడండీ, గొడుగు పట్టుకుంటాడా?”

ఆ తర్వాత అతను కూర్చున్నాడు. భార్య డబ్బాలోంచి ఐదు నల్ల గుండీలు, ఐదు తెల్ల గుండీలు తీసి బల్లమీద రెండు జట్లుగా పేర్చి, ఇక్కడ అడ్డం నిలబడాలి, ఇక్కడ వదిలెయ్యాలి అంటూ గంటన్నరసేపు జరిపాడు. “ఏమయ్యా, ఆ నల్లవి రేపు పొద్దున ఇచ్చే కోటువి” అని ఆవిడ రెండుసార్లు గుర్తుచేసింది. వినిపించుకుంటే కదా!

చివరికి తలెత్తాడు. “వస్తాను మేడమ్. ఒక్క షరతు. ప్రాక్టీసులో రోజూ నన్ను మీ అబ్బాయికే ఎదురుగా నిలబెట్టండి. వాడు చేతుల్తో ఆడుతున్నాడు, అందుకే ఫౌళ్లు. కాళ్లతో ఆడటం నేర్పిస్తాను.”

మా పని అయిపోయింది, లేచి వెళ్లిపోవచ్చు. నేను కళ్లతో సైగ కూడా చేశాను. అక్క కదలలేదు.

“బాగా ఆలోచించుకో బాబూ. వాడు నేర్చుకుంటే నీ ఎనిమిది ఐదవుతాయి.”

అతను భార్యవైపు చూశాడు. ఆవిడ గుండీలు ఏరి డబ్బాలో వేసుకుంటూ, “ఇంత దూరం వచ్చి ఇంత నిజం చెప్పేవాళ్లు మళ్లీ దొరుకుతారా? వెళ్లు” అంది.

శనివారం నాలుగున్నరకు అతని పేరు నా చేత్తో జాబితాలో చేర్చాను.

ఆ సీజను చివరి మ్యాచ్ గెలిస్తేనే మేం పై శ్రేణిలో నిలుస్తాం. మూడున్నర నెలల్లో చాలా మారిన మా అబ్బాయికి ఆరోజు పాత జబ్బు తిరగబెట్టింది. ఏడు నిమిషాలు మిగిలి ఉండగా నాలుగో ఫౌల్ పడింది; ఐదోది పడితే ఆట నుంచే ఔట్, అందుకే కోచ్‌గారు కూర్చోబెట్టారు. మా ఆధిక్యం రెండు పాయింట్లు. నిచ్చెన దిగాడు. ఒక్క బంతీ బుట్టలో వెయ్యలేదు. ఐదు బంతులు అందుకున్నాడు, ప్రత్యర్థి జట్టులోని భారీ మనిషిని భుజంతో బయటికి నెట్టి ఉంచాడు. మళ్లీ మా అబ్బాయి దిగేసరికి ఆధిక్యం నాలుగు. అలాగే ముగిసింది.

మర్నాడు పత్రికల్లో నిచ్చెన పేరు ఎక్కడా రాలేదు. కాని మ్యాచ్ ముగిసిన సాయంత్రమే, మేమంతా కోర్టులో గంతులు వేస్తుండగా, అక్క ఒక మూలకు వెళ్లి అతని భార్యకు ఫోను చేశారు. “ఆరు నిమిషాల పది సెకన్లు ఆడాడమ్మా. పాయింట్లు సున్నా. ఇవాళ మా అందరి ఉద్యోగాలూ ఉన్నాయంటే ఆ సున్నా వల్లే.”

అనంతరం పన్నెండేళ్లు ఎంపిక విభాగానికి వారే సారథ్యం వహించారు. వారి మాట విని వెనుదిరిగినవారు చాలామందే ఉన్నారు. వారి మాట నమ్మి వచ్చినవారిలో నడిమధ్యలో అలిగి వెళ్లినవారు మాత్రం ఒక్కరూ లేరు. ఈ దీక్షకు ఇంటినుంచి అండగా నిలిచిన బావగారిని ఇక్కడ ప్రస్తావించకపోతే అపచారం. కళ్లద్దాల దుకాణం నడిపే ఆయన ఒకసారి నాతో అన్నారు: “ఉద్యోగంలో చేరేముందే చెప్పేసిందమ్మా, నెలకి పన్నెండు రోజులు ఇంట్లో ఉండనని. ఏంచేస్తాం, వంట నేర్చుకున్నా.” ఆయన చేసిన వంకాయ కూర మా కార్యాలయంలో తిననివారు లేరు, రెండోసారి పెట్టించుకోనివారూ లేరు.

ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. వారి స్థానంలోకి వచ్చేవారిని ఎంపిక చేసే బాధ్యతనూ యాజమాన్యం వారికే ఇచ్చింది. ముగ్గురు అభ్యర్థులకు ఈ పనిలో చప్పట్లు ఉండవని ముందే చెప్పారట, ఇద్దరు వెళ్లిపోయారు. ఉన్న ఒక్క అమ్మాయి సోమవారం చేరుతోంది.

అక్కా, లేని నిమిషాన్ని మీరు ఎవరికీ ఆశ చూపలేదు. కాబట్టి మేమూ మీకు ఏ మాటా ఇవ్వలేము, మనసారా కోరుకోవడం తప్ప. మీ మోకాళ్లు మీ మాట వినాలి, మీ కంటిచూపు బావగారి దుకాణానికి పని పెట్టకుండా ఉండాలి. మీ ఇద్దరికీ నిండైన ఆరోగ్యంతో ఎన్నెన్నో ఏళ్లు రావాలి. వాటిలో ప్రతి నిమిషమూ ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని మీ సొంత కాలమై సాగాలి.