సేకరించినవారు

జగ్గయ్యపేటలో రిటైరైన తెలుగు మాస్టారొకాయన ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, పొలం పాటలన్నీ ఎక్కించడానికి ఏ సాఫ్ట్‌వేర్ మేలో చూస్తున్నాడు. పక్కనే ఆయన భార్య పాటల నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఇదే తీసుకుందాం. పాట, ఊరు, పాడినవారు, సేకరించినవారు, అన్నిటికీ గడులున్నాయి. ఏ ఊరి పాట అడిగినా క్షణంలో తీసిస్తుంది."

"సేకరించినవారి గడిలో అప్పుడే మీ పేరు పడిందేంటండి?"

"ప్రతి పాటకీ కొట్టక్కర్లేకుండా దానంతటదే పడేట్టు పెట్టా."

"వీరులపాడు మిరపచేలల్లో కూలోళ్ల వెంట తిరిగింది నేను కదా. మీరొస్తే, పాటలు పాడే ఆ పుల్లమ్మ నోరే విప్పేది కాదు."

"ఎవరు కాదన్నారు? పుస్తకం వేసినప్పుడు ముందుమాటలో నీకు కృతజ్ఞతలు చెప్తాగా."

"నిన్న ఇంకోటి చూశారే, దాంట్లో రెండు పేర్లకి చోటుందన్నారు."

"ఉంది. రెండు పేర్లు కనపడితే అసలు పని ఎవరిదని అడుగుతారు."

ఆమె ఒళ్లోని నోటుపుస్తకం తెరిచింది. పదకొండేళ్లు ఎండనపడి తెచ్చుకున్న పాటలవి.

"సరే, పుల్లమ్మ పాటతో మొదలుపెడదాం. ఇదేంటి, ఒక్క చరణమే రాశావు?"

"నోటికొచ్చు కదాని మిగతాది రాయలేదు."

"అయితే చెప్పు, కొడతా. పుల్లమ్మ కూడా పోయింది. ఇప్పుడది నీకు తప్ప ఎవరికీ రాదు."

ఆమె నోటుపుస్తకం మూసి ఆయన చేతిలో పెట్టింది. పాట మొత్తం గొంతు దాకా వచ్చి ఉంది.

"గుర్తు లేదండి" అంది.