మా వీధికి నూసెన్సొచ్చిన వేసవి

“మామ్మగారూ, పొద్దస్తమానం ఈ సుత్తుల మోత ఇన్నేళ్ళూ ఎలా భరించారండీ? మునిసిపాలిటీ వాళ్ళకి ఒక అర్జీ పెట్టిస్తే?”

అర్జీయా! ఓసి నీ ఇల్లు బంగారం గానూ! కాపరానికొచ్చి నిండా నెల కాలేదు, అప్పుడే అర్జీదాకా వెళ్ళావూ? రా, ఇలా అరుగు మీద కూచో. ఆ వక్కల పెట్టె ఇటు తోయి. నా మనవడు కచేరీ నుంచి ఇప్పట్లో రాడులే, వంటకేం తొందర లేదు.

నిన్ను తప్పుపట్టడం లేదమ్మా. నేనూ అంతే. మాది ద్రాక్షారామం కదా, భీమేశ్వరస్వామి గుడిగంట తప్ప వేరే మోత ఎరగం. ఈ కంచరి వీధికి కాపరానికొచ్చిన కొత్తల్లో, ఇటు బిందె మీదా అటు గంగాళం మీదా ఠంగు ఠంగుమని కొడుతుంటే నా నెత్తి మీదే కొడుతున్నట్టుండేది. చెవుల్లో దూది పెట్టుకున్నాను. మా అత్తగారు చూసి, “చెవిపోటా అమ్మాయ్?” అని వెల్లుల్లి వేసి నూనె కాచి చెవుల్లో పోసేసింది! చెవిపోటు కాదండీ, మోత అని చెప్పడానికి నాకు నోరేదీ? రెండు చెవులూ ఒగ్గి పోయించుకున్నాను. నవ్వకు, నవ్వకు. మీ పిఠాపురం పిల్లలకి మా కంటే ధైర్యం ఎక్కువలే.

ఏం చెబుతున్నాను? ఆఁ, అర్జీ. నువ్వు పెట్టక్కర్లేదే పిల్లా. ఒక వేసవిలో మునిసిపాలిటీ వాళ్ళే ఈ మోత తీసేద్దామనీ, ఈ పాత ఇళ్ళన్నీ పడగొట్టి తిన్నగా రోడ్డు వేద్దామనీ బయల్దేరారు. వాళ్ళ మాటే సాగుంటే నువ్వు కూచున్న ఈ అరుగు ఉండేది కాదు. ఈ ఇల్లే ఉండేది కాదు.

అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు. అవతలి ఒడ్డుకి వెళ్ళాలంటే పడవే. మీ తాతగారు అప్పటికింకా చదువుకుంటున్నారు. మా మామగారు కలప అడితిలో గుమాస్తా. అబ్బ, ఎంత మెతక మనిషనుకున్నావు, పిల్లి ఎదురొస్తే పిల్లికే దారిచ్చేవాడు. మా అత్తగారు అలా కాదు. ఆవిడ సంగతి వింటున్నావుగా, ఇంకా వింటావు. ఇదిగో, ఈ పక్కిల్లు వీరాచారిగారిది. కంచరి పనిలో ఆయన చెయ్యి తిరిగిన మనిషి. ముందు సావిట్లో కొలిమి, వెనకాల కాపరం. మా అత్తగారిని “అక్కగారూ” అనేవాడు. పొద్దున్న లేస్తే ఇద్దరికీ ఏదో ఒక వాదన, సాయంత్రానికి మళ్ళీ మాటలు.

అప్పుడు మునిసిపాలిటీకి చేర్మన్ ఒక ప్లీడరుగారు. పేరెందుకులే. చెడ్డవాడు కాదు పాపం. మన వీధి వెనకాల కొత్తగా మేడ కట్టించుకున్నాడు. దొరల బంగళాలాగా ఉండాలని ముచ్చటపడి సన్నపాటి గోడలు లేపి, వీధివైపంతా పెద్ద పెద్ద అద్దాల కిటికీలు పెట్టించాడు. ఇంకేముంది, సుత్తి దెబ్బ ఇక్కడ పడితే అక్కడ అద్దం గజగజలాడేది. ఆయనకి పగలు కునుకు లేదు, కాగితాలు చదువుకునే వీల్లేదు. అందుకని సభలో తీర్మానం పెట్టించాడు. కంచర్లందరూ ఊరి బయట ఇటుకబట్టీల అవతలికి పోవాలి, ఈ ముసలి కొంపలు కూల్చి రోడ్డు వెయ్యాలి. ఊరు నిమ్మళంగా ఉండాలని, అంతే. తన మటుకు తను మంచే అనుకున్నాడు.

ఆ సంగతి మాకెలా తెలిసిందనుకున్నావు? టముకు! మోత కూడదని చెప్పడానికి టముకు వేయించారమ్మా! ఆ టముకువాడు వీధి మొగలో నిలబడి చెవులు చిల్లులు పడేలా వాయించి, “కంచరి వీధి యావత్తూ నూసెన్సు కింద తీర్మానం అయిందహో! చేర్మన్ గారు స్వయంగా వచ్చి చూసి ఏర్పాటు చేస్తారహో!” అని అరిచి వెళ్ళిపోయాడు.

నూసెన్సు! ఆ మాట అప్పుడు ఎవరికి తెలుసు? లైసెన్సు తెలుసు. కల్లు దుకాణానికి లైసెన్సు, తుపాకీకి లైసెన్సు. లైసెన్సున్నవాడంటే కాస్త గొప్పవాడని లెక్క. వీరాచారిగారు సుత్తి కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. ఆలోచించి, “లైసెన్సు పాతది. ఇది దాని తరవాతొచ్చిన నూసెన్సు. మన పనితనం చూసి వీధి మొత్తానికి ఇచ్చేశారు,” అని తేల్చేశాడు. అంతే, వీధంతా పండగ! వాళ్ళావిడ పానకం కలిపి ఇల్లిల్లూ పంచింది. నాకూ ఓ చెంబుడు పోసింది, మిరియాలు ఘాటుగా, ఎంత బావుందో. కంచర్లందరూ చేర్మన్ గారికి ఎదురెళ్ళాలనీ, తోరణాలు కట్టాలనీ నిర్ణయం చేసుకున్నారు.

మా అత్తగారికి నిద్రపట్టలేదు. ఎందుకంటే మనది వీధికి చివరి ఇల్లు కదా. పైగా మనం కంచర్లం కాదు. మనకి నూసెన్సు వర్తిస్తుందో లేదో! “ఆ వీరాచారికొచ్చి మనకి రాకపోతే పొద్దున్నే వాడి మొహం చూడగలనా? మీరు కచేరీకెళ్ళి మన ఇంటిక్కూడా ఒక నూసెన్సు ఇప్పించమని అడిగి రండి,” అని మామగారిని తరిమింది. ఆయన ఉతికిన కండువా వేసుకుని, అరటిపళ్ళు పట్టుకుని మరీ వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. అరటిపళ్ళు చేతిలోనే ఉన్నాయి. వీధి తలుపు వేసి, అత్తగారినీ నన్నూ మండువాలోకి పిలిచి, ఎంత చిన్న గొంతుకతో చెప్పాడో! “నూసెన్సంటే లైసెన్సు కాదే. పీడ అనిట. ఊరికి పట్టిన పీడట మన వీధి. కచేరీలో గుమాస్తాలందరూ పడీ పడీ నవ్వారు. మన ఇంటిక్కూడా ఇచ్చారులే, దిగులుపడకు. చేర్మన్ గారు వచ్చేది కొలిచి కూల్పించడానికి.”

నేను అక్కడే ఏడ్చేశాను. ఎందుకో చెప్పనా? అప్పటిదాకా ఈ ఇల్లంటే నాకు ఇష్టమని నాకే తెలీదు. మోత మోత అని ఏడ్చినదాన్నే, అది పోతుందనగానే ఈ గోడలు వదలబుద్ధి కాలేదు. మామగారు వీరాచారిగారికి చెప్పడానికి లేచాడు. మా అత్తగారు కండువా పట్టుకుని కూచోబెట్టింది.

“చెప్పకండి. పానకం పంచినవాడితో నువ్వు పీడవని ఏ నోటితో చెబుతారు? తోరణాలు కట్టనివ్వండి. హారతులివ్వనివ్వండి. పెళ్ళికొడుక్కిలా తనకి ఎదురొచ్చి తీసుకొచ్చిన వీధిని ఏ మనిషి కూల్చమంటాడో నేనూ చూస్తాను.”

చూశావూ ఆవిడ బుర్ర!

రోహిణి కార్తెలో వచ్చాడాయన. మిట్టమధ్యాహ్నం. తలపాగా, నల్లకోటు, వెనకాల గొలుసు పట్టుకుని కొలిచే మనిషి. ఏడుస్తారో తిట్టిపోస్తారో అనుకుంటూ వచ్చుంటాడు. వీధి మొగలోనే సన్నాయి! ఆడవాళ్ళు హారతి, మెళ్ళో బంతిపూల దండ. వీరాచారిగారు తను కొట్టిన రాగి చెంబు ఒకటి చేతిలో పెట్టి, “మా తాతల నాటి నుంచీ కొడుతున్నాం బాబూ, గుర్తించినవారు మీరొక్కరే. మాకు నూసెన్సు ఇచ్చిన చెయ్యి ఇది,” అని ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. చేర్మన్ గారి మొహం చూడాలి నువ్వు! “అదికాదండీ, నేను వచ్చింది...” అంటాడు, సన్నాయి అందుకుంటుంది. మళ్ళీ నోరు తెరుస్తాడు, ఎవరో పానకం అందిస్తారు.

ఇంతలో ఆ గొలుసు మనిషి తన పని తను చూసుకుంటున్నాడు. తిన్నగా వచ్చి మన అరుగు కొలవడం మొదలెట్టాడు. సున్నపు ముద్దతో గుర్తు పెడుతున్నాడు, ఇక్కడిదాకా కొట్టెయ్యాలని. మా అత్తగారు మాత్రం అటు చూడనే చూడలేదు. చేర్మన్ గారికి ఎదురెళ్ళి, “ఎండన పడి వచ్చారు, మొహం ఎర్రబడిపోయింది. కాస్త లోపల నడుం వాల్చి లేవండి బాబూ. వీధి ఎక్కడికీ పోదు,” అంది. ఆఖరి మాట కాస్త నొక్కే అంది.

ఆయనకీ ఆ సన్నాయి నుంచి తప్పించుకుంటే చాలనిపించినట్టుంది, వచ్చాడు. పడమటింట్లో నేనే చాప వేశాను. ఉప్పూ దబ్బాకూ వేసిన మజ్జిగ తేట ఇచ్చాను. ఆ గదికి వీధివైపు కిటికీ లేదుగా, మట్టిగోడ నా చెయ్యి చాపినంత మందం, పైన టేకు దూలాలు, అటక. టేకు తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను. అత్తగారు వీరాచారిగారి దగ్గరికెళ్ళి, “పని ఆపావేం తమ్ముడూ? నీ పనితనం చూడ్డానికేగా ఆయన వచ్చింది, కానియ్యి,” అంది. ఇంక చూస్కో! కంచర్లందరూ ఉత్సాహం పట్టలేక ఒక్కసారి అందుకున్నారు. అంత మోత ఈ వీధిలో నేను మళ్ళీ వినలేదు.

లోపల ఆయన గుర్రు పెట్టి నిద్రపోయాడమ్మా! నిజం. తలుపు ఓరగా తీసి తొంగిచూస్తే సుత్తి మోత అంతంతమాత్రం, ఆయన గుర్రే మోత. మా మామగారికి నవ్వాపుకోలేక దగ్గొచ్చింది.

పొద్దు వాలాక లేచాడు. మొహం తేటపడిపోయి చంటిపిల్లాడిలా ఉన్నాడు. “ఎన్నాళ్ళయింది ఇలా నిద్రపోయి! నా కోసం పని ఆపేశారా పాపం?” అన్నాడు. మా అత్తగారు వెళ్ళి పడమటింటి తలుపూ, వీధి తలుపులూ బార్లా తీసింది. ఠంగు ఠంగు ఠంగు! వరదలా లోపలికొచ్చిపడింది. ఆయన గోడ మీద చెయ్యేసి తడిమి చూశాడు. తలుపు వేయించి విన్నాడు, తీయించి విన్నాడు. ప్లీడరు కదా, తెలివైనవాడే. “అయితే అమ్మా, మోత నా మేడ గోడల్లో ఉందన్నమాట,” అన్నాడు.

“ఆ మాట మీరే అన్నారు బాబూ, మేం అనలేదు,” అంది మా అత్తగారు.

గొలుసు మనిషిని పిలిచి ఆ సున్నపు గుర్తులు కడిగించాడు. మన ఇంట్లో నీళ్ళే. నేనే చేదిచ్చాను.

వెళ్ళబోతుంటే వీరాచారిగారు చేతులు కట్టుకుని అడిగాడు, “బాబుగారూ, మరి మా నూసెన్సు ఖాయమేనాండీ?” అని. చేర్మన్ గారు ఆయన వంక చూశాడు, మా అత్తగారి వంక చూశాడు. “ఖాయమేనండి. మీ మనవల దాకా ఉంటుంది,” అన్నాడు. మహానుభావుడు.

తరవాత వేరే తీర్మానం చేయించాడు. తెల్లారకముందూ, దీపాలు పెట్టాకా సుత్తి పట్టకూడదు. కందెన లేని బండి కీచుమంటూ ఊళ్ళోకి రాకూడదు. మట్టిగోడల పాత ఇళ్ళు ఎవరూ పడగొట్టించకూడదు, పాడైతే ఉన్నది ఉన్నట్టుగా బాగుచేసుకోవాలి. తన మేడకీ వీధివైపు కిటికీలు తగ్గించి మట్టిగోడ పెట్టించుకున్నాడు. అయినా ఆదివారం పూట మన పడమటింట్లోకే వచ్చి పడుకునేవాడు, అది వేరే సంగతి.

వీరాచారిగారు మటుకు బతికినన్నాళ్ళూ వచ్చేపోయేవాళ్ళకి చెప్పుకునేవాడు, “మాది నూసెన్సున్న వీధండి,” అని. కొత్త మనిషి ఎవరైనా నవ్వబోతే మా అత్తగారు ఇక్కణ్ణుంచి కళ్ళెర్రజేసేది. ఆ నిజం ఆయన చెవిన పడకుండా ఎంత కాపు కాసిందో!

ఆవిడ పోయాక పరామర్శకొచ్చి ఆయన ఇదిగో ఇక్కడే కూచున్నాడు. “అమ్మాయ్, నూసెన్సంటే ఏంటో నాకు తెలుసు. మా అల్లుడు మండపేటలో పంతులు కదా, పెళ్ళయిన ఏడాదే చెప్పాడు,” అన్నాడు. నేను బిత్తరపోయాను. “మరి ఇన్నేళ్ళూ అలా చెప్పుకున్నారేం బాబాయిగారూ?” అన్నాను. “అక్కగారు నా మనసు నొచ్చకూడదని అంత కష్టపడి దాస్తుంటే, నాకు తెలుసని ఆవిడ మనసు నొప్పించనా? ఇంక ఎవరికోసం చెప్పుకోను?” అని కండువా మొహానికడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. తరవాత ఇద్దరం నవ్వాం.

ఇప్పుడు కొడుతున్నది ఆయన మనవలే. ఏంటే, కళ్ళు తుడుచుకుంటున్నావ్? పిచ్చిపిల్లా. మోత ఎక్కువైతే ఆ పడమటింట్లో పడుకో, నేనేం అనను. చల్లగా ఉండు తల్లీ. నిండా పిల్లల్ని కని, ఈ ఇల్లంతా పెద్ద నూసెన్సు చేసిపెట్టు. నేను కళ్ళారా చూసి... ఆఁ, వాడొచ్చినట్టున్నాడు, వెళ్ళు, కాళ్ళకి నీళ్ళియ్యి...