ఆర్పని కర్పూరం

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక ఇంటి పూజగది. అవ్వ హారతిపళ్ళెం సర్దుతోంది. లా చదివే మనవరాలు గడప పక్కన కూర్చుంది.

“కింది ఇంటి బిడ్డకు జ్వరం తగ్గలేదు. మన పనిమనిషి రేణుక చేతబడి చేసిందంటా ఉండారు. చేయలేదంటే, వెలిగే కర్పూరం చేత్తో ఆర్పి ప్రమాణం చేయమను. లేదా పని మానేయమను.”

“ఇట్లాంటిదానికి దేవుణ్ణి సాక్షిగా పిలవనంటా ఉండాది అవ్వా.”

“అయితే చేసినట్లే గదా?”

“అమెరికాలో తెల్లోళ్ళు కొత్తగా ఊర్లు కట్టుకున్నప్పుడు, ఒక ఊరి జడ్జీలూ ఇట్లే అనుకున్నారు. దేవుడన్నా, సైతానన్నా వాళ్ళకంత భయం. మంత్రగత్తెనని ఒప్పుకున్నోళ్ళను ఉరి తీయలేదు. కాదన్నోళ్ళనే తీసినారు.”

“అబ్బ! ఒప్పుకొని బతకొచ్చు గదా?”

“అబద్ధమాడితే రేపు దేవునికేం జవాబు చెప్పాలని ఒప్పుకోలేదు.”

“ఉరితాడు ముందర గూడానా?”

“ముందర గూడా.”

అవ్వ చేయి పళ్ళెం మీదే ఆగిపోయింది.

“జడ్జీలదీ దైవభయమే, ఉరికెక్కినోళ్ళదీ దైవభయమే. రెండూ ఒకటేనా పాపా?”

“నాకేం తెలుసవ్వా! రేణుక బయటే నిలబడి ఉండాది. ఏం చెప్పేది?”

“ఆయమ్మను లోపలికి పిలువు.”

“ప్రమాణానికా?”

“హారతికి. ఈ పొద్దు మొదట ఆయమ్మకే.”