రెండో డిస్క్ ఏమైంది

డబ్లిన్‌లో ఒక స్టోరేజ్ కంపెనీ ల్యాబ్, సోమవారం మధ్యాహ్నం. టీమ్ లీడ్ గీతాంజలికి అనుమానమొస్తే దేవుణ్ణయినా బ్యాడ్జ్ అడుగుతుంది. ఈరోజు ఆమెకి దొరికింది తేజేశ్వర్.

"మళ్ళీ అడుగుతున్నాను తేజా, శనివారం ల్యాబ్‌కి ఎందుకొచ్చావ్?"

"వచ్చానని ఎవరు చెప్పారండీ?"

"తలుపు చెప్పింది. నీ బ్యాడ్జ్ స్వైప్ ఉంది."

"చిన్న పనుండి వచ్చాను."

"ఏం పని?"

"చిన్నదేనండీ."

"దాని సైజు అడగలేదు. క్లినిక్ వాళ్ళ ఎక్స్‌రేలున్న డిస్కుల క్యాబినెట్ ముట్టుకున్నావా?"

"ముట్టుకోవడమంటే..."

"శుక్రవారం దాకా స్క్రీన్ మీద రెండు డిస్కులు కనబడ్డాయి. ఇప్పుడు ఒక్కటే. మూత తీసి చూస్తే లోపలా ఒక్కటే. రెండోది ఏమైంది?"

"నేను తీసుకెళ్ళానంటారా?"

"నేననలేదు. నువ్వే అంటున్నావ్. క్లినిక్ సర్వర్ పోయాక ఆ ఎక్స్‌రేలు మన దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు, తెలుసుగా?"

"తెలుసండీ. సెక్యూరిటీకి చెప్పేశారా?"

"ఇంకా లేదు. చెబితే సాయంత్రానికి నీ ఉద్యోగం ఉండదు. వీసా సంగతి నీకే తెలుసు."

"మా ఆవిడకి ఎనిమిదో నెలండీ. ఇన్సూరెన్స్ నా జాబ్ మీదే ఉంది."

"అందుకే తలుపేసి అడుగుతున్నాను. నిజం చెప్పు."

"అసలు ఆ రెండోది ఈరోజు మీకెందుకండీ? ఎప్పుడూ అటు చూడరుగా."

"కావాలి. అంతే."

"అంత అర్జెంటేంటని..."

"నాకు ఎదురు ప్రశ్నలేయకు. శనివారం ఏం చేశావ్?"

"కోప్పడనంటే చెబుతాను."

"కోపం సంగతి తర్వాత."

"డిస్కుల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఉందిగా, దాని కొత్త డ్రైవర్ లోడ్ చేశాను."

"నేను రివ్యూ చేయకుండానా?"

"ఎన్నిసార్లు గుర్తు చేసినా మీరు చూడట్లేదు. డెమో ముంచుకొస్తోంది. దొంగచాటుగా వచ్చిన మాట నిజమేనండీ, దొంగతనానికి మాత్రం కాదు."

"డ్రైవర్ మారిస్తే డిస్క్ మాయమైపోతుందా? ఎవరి చెవిలో పెడతావ్ ఈ పువ్వులు?"

"మాయమవలేదండీ. రెండోది ఎప్పుడూ లేదు."

"నా కళ్ళతో చూశాను."

"స్క్రీన్ మీద చూశారు. మూత ఎప్పుడైనా తీశారా?"

"ఈరోజే తీశాను."

"ఉన్నది ఒకటే డిస్కండీ. ఒక కేబుల్ పోయినా ఇంకోటి పనిచేయాలని దానికి రెండు కేబుళ్ళు, రెండు పోర్టులు. పాత డ్రైవర్ పోర్టుకో డిస్క్ చొప్పున లెక్కేసేది. ఒకే మనిషిని వీధి వాకిట్లో ఒకసారి, పెరటి వాకిట్లో ఒకసారి చూసి, ఇంట్లో ఇద్దరున్నారనుకున్నట్టు. నేను సీరియల్ నంబర్ చూసి రెంటినీ ఒకటిగా కలిపాను."

"అబద్ధం. రోజూ మొదటిదాన్ని రెండోదాంట్లోకి కాపీ చేయిస్తున్నాను. రెంటినీ పోల్చి కూడా చూస్తున్నాను. ఏనాడూ అక్షరం పొల్లుపోలేదు."

"ఎలా పోతుందండీ, దాన్ని దానితోనే పోలిస్తే?"

"ఏమన్నావ్?"

"నమ్మకపోతే రెండు కేబుళ్ళూ పట్టుకుని వెనకదాకా వెళ్ళండి. రెండూ ఆ ఒక్కదానికే తగులుకుని ఉంటాయి."

"అక్కర్లేదు."

"నమ్మారా?"

"నమ్మాను."

"హమ్మయ్య. పొద్దున్నుంచీ మీ మొహం చూసి నా ప్రాణాలు పోయాయండీ. పోయిందేమీ లేదు. ఎక్స్‌రేలన్నీ ఆ ఒక్కదాంట్లో భద్రంగా ఉన్నాయి. నిజం బ్యాకప్ ఒకటి ఇప్పుడే తీసేస్తాను. గీతాంజలి గారూ, ఎందుకలా కూర్చుండిపోయారు?"

"అందులో ఏమీ లేదు తేజా. రెండోదాంట్లో కాపీ ఉందిలే అని, డెమోకి ఖాళీ డిస్క్ కోసం పొద్దున్నే దాన్ని ఫార్మాట్ చేశాను."